.22 రివాల్వర్ కొంటున్నారా? మెరుపు కాదు, సిలిండర్ చూడండి

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో కొందరికి షూటింగ్ రేంజ్ షౌక్ ఉంది. ఆఫీసు స్నేహితులతో సరదాగా ఒకసారి వెళ్తారు. నచ్చితే అన్నదమ్ములు, బావమరుదులు కలిసి వెళ్తారు. నాలుగైదుసార్లు రేంజ్ తుపాకీ అద్దెకు తీసుకున్నాక "ఇంత అద్దె కట్టే బదులు సొంతంగా ఒకటి కొంటే పోలా" అన్న మాట వస్తుంది. అప్పుడు షాపువాళ్లు, స్నేహితులు ముందుగా చెప్పే పేరు .22 రివాల్వర్.

ఆ సలహాలో తప్పు లేదు. కాగితం మీద గురి నేర్చుకోవడానికి .22 అంత మంచి తుపాకీ ఇంకోటి లేదని పాతవాళ్లు అంటారు. తూటా చౌక, చేతికి దెబ్బ తక్కువ, వాడటం సులువు. కానీ "చిన్న తుపాకీయే కదా, ఏదైతేనేం" అనుకుని కొంటే రెండు రకాలుగా నష్టం. నాసిరకం రివాల్వర్ ఎంత తిప్పలు పడినా గురి కుదరనివ్వదు. అంతకన్నా పెద్దది, చట్టం తెలియక చేసిన పని వీసా మీదకో, జాగ్రత్త లేక చేసిన పని పిల్లల మీదకో రావచ్చు. అందుకే ఏ మోడల్ మంచిది అన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

అసలు ముట్టుకోవచ్చా?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 విద్యార్థి వీసా, విజిటర్ వీసా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. "కొనడం లేదు కదా, రేంజ్‌లో ఒక గంట అద్దెకు తీసుకుంటున్నాం" అన్నా చెల్లదు. చేతిలో ఉన్నంతసేపూ అది మీ స్వాధీనంలో ఉన్నట్టే. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మీ, అబ్బాలను రేంజ్‌కి తీసుకెళ్లి "ఒక్కసారి కాల్చి చూడండి" అని చేతికివ్వడం చాలామందికి సరదా. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడం ఇంకో సరదా. చట్టం దృష్టిలో అది సరదా కాదు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించేది గడువు తీరని వేట లైసెన్స్. ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. అయితే దాని మీద ఆధారపడే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడటం తప్పనిసరి. తుపాకీ కేసు అంటే జైలు ఒక్కటే కాదు, దేశం నుంచి పంపించేసే అవకాశం కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ల కష్టం ఒక మధ్యాహ్నం సరదాకు పోకూడదు.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరసత్వం వచ్చినవారికి ఈ వీసా ఆంక్ష లేదు. వారు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర రివాల్వర్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 4473 అనే ఫారం నింపాలి. నేర చరిత్ర తనిఖీ జరుగుతుంది. ఆ ఫారంలో "ఈ తుపాకీ నా కోసమే కొంటున్నాను" అని సంతకం పెట్టాలి. వీసా మీద ఉన్న తమ్ముడి డబ్బుతో, తమ్ముడి కోసం, అన్న పేరు మీద కొనడం ఫెడరల్ నేరం. ఇద్దరూ ఇరుక్కుంటారు.

రాష్ట్రాల నియమాలు వేరేగా ఉంటాయి. ఇల్లినాయిలో తుపాకీ ఉండాలంటే ముందు ఫాయిడ్ కార్డు తీసుకోవాలి. న్యూజెర్సీలో హ్యాండ్‌గన్ కొనడానికి విడిగా పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలో భద్రతా పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, కొన్నాక పది రోజులు ఆగాలి. టెక్సాస్‌లో కొనుగోలుకు ఇలాంటి పర్మిట్ అక్కర్లేదు. ఇల్లు మారినవాళ్లు పాత రాష్ట్రం లెక్కతో కొత్త రాష్ట్రంలో నడుచుకోకూడదు.

రిమ్‌ఫైర్ అంటే ఏమిటి?

తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది. దాన్నే రిమ్ అంటారు. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు ఆ అంచు లోపల చుట్టూ పరచి ఉంటుంది. రివాల్వర్ హ్యామర్ పడినప్పుడు ఫైరింగ్ పిన్ ఆ అంచును నలుపుతుంది, మందు అంటుకుంటుంది. పెద్ద తూటాల్లో ఈ మందు అడుగున నడిమధ్యలో చిన్న గిన్నెలాంటి దాంట్లో ఉంటుంది. వాటిని సెంటర్‌ఫైర్ అంటారు.

ఇది పాత పద్ధతే. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1857లో తెచ్చిన మొదటి రివాల్వర్ .22 షార్ట్ రిమ్‌ఫైరే. నేడు అందరూ వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో వచ్చింది. పేరులో రైఫిల్ అని ఉన్నా రివాల్వర్లలోనూ ఇదే వాడతారు. దీన్నే .22 ఎల్‌ఆర్ అని రాస్తారు. 1959లో వించెస్టర్ కంపెనీ .22 మాగ్నమ్ తెచ్చింది. అది పొడవు ఎక్కువ, లావు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. కాగితం మీద గురి కోసం ఎల్‌ఆర్ చాలు.

రిమ్‌ఫైర్ గురించి మూడు సంగతులు తెలిస్తే రివాల్వర్ ఎంపిక సగం అర్థమైనట్టే. మొదటిది, అంచు లోపల మందు అన్నివైపులా సమానంగా పరుచుకోకపోతే తూటా పేలదు. అందుకే రిమ్‌ఫైర్‌లో అప్పుడప్పుడూ పేలని తూటాలు వస్తాయి. రెండోది, అంచును నలపడానికి గట్టి దెబ్బ కావాలి. అందుకే .22 డబుల్ యాక్షన్ రివాల్వర్ల ట్రిగ్గర్ చాలాసార్లు పెద్ద తుపాకుల ట్రిగ్గర్ కన్నా బరువుగా ఉంటుంది. చిన్న తుపాకీ కాబట్టి ట్రిగ్గర్ తేలిక అనుకోవడం పొరపాటు. మూడోది, ఎల్‌ఆర్ తూటాలు మైనం, మసి, సీసం ఎక్కువ వదులుతాయి. చాంబర్లు త్వరగా మురికి పట్టి ఖాళీ తొడుగులు ఇరుక్కుంటాయి. మంచి రివాల్వర్ అంటే ఈ మూడింటినీ తట్టుకునేలా చేసినది.

సింగిల్ యాక్షనా, డబుల్ యాక్షనా?

సింగిల్ యాక్షన్ అంటే పాత కౌబాయ్ సినిమాల్లో కనిపించే రకం. ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాలి, తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి. తూటాలు పక్క నున్న చిన్న తలుపు తెరిచి ఒక్కొక్కటిగా వేయాలి, కాల్చాక ఒక్కొక్కటిగా తోసి తీయాలి. నిదానం. కానీ ఈ నిదానమే నేర్చుకునేవాళ్లకు మేలు. ప్రతి తూటాకూ ఆగి, ఊపిరి సరిచూసుకుని, గురి చూస్తారు. ట్రిగ్గర్ తేలికగా ఉంటుంది. లోపలి యంత్రం సాదాగా ఉంటుంది కాబట్టి తక్కువ ధరలోనూ గట్టి తుపాకీ చేయడం సాధ్యం.

డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ ఒక్కటే నొక్కినా హ్యామర్ లేచి, సిలిండర్ తిరిగి, తూటా పేలుతుంది. హ్యామర్‌ను చేత్తో లాగి కూడా కాల్చవచ్చు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, ఒక్క తోపుతో ఖాళీ తొడుగులన్నీ బయటపడతాయి. ఎనిమిది, పది తూటాల సిలిండర్లు మామూలు. హాయిగా ఉంటుంది. కానీ లోపలి పనితనం ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ. డబుల్ యాక్షన్‌లో చౌకరకం కొంటే ఆ చౌక ట్రిగ్గర్‌లోనే తెలుస్తుంది. గట్టిగా, గరగరలాడుతూ లాగాల్సి వస్తే చెయ్యి వణుకుతుంది, గురి చెదురుతుంది.

ఒక్క మాటలో, డబ్బు తక్కువైతే మంచి సింగిల్ యాక్షన్ కొనండి. డబుల్ యాక్షనే కావాలంటే కొన్నాళ్లు ఆగి మంచిది కొనండి. మధ్యలో నాసిరకం డబుల్ యాక్షన్ కొనడం వల్ల లాభం లేదు.

మంచితనం ఎక్కడ కనిపిస్తుంది?

షాపులో ముందుగా కంటికి తగిలేది పాలిష్, పిడి మీద చెక్క, రంగు. ఇవేవీ గురి మార్చవు. చూడాల్సినవి వేరు.

మొదటిది సిలిండర్, బ్యారెల్ కుదిరిక. రివాల్వర్‌లో తూటా ఒక ముక్కలో అంటే చాంబర్‌లో ఉంటుంది, వెళ్లే దారి మరో ముక్కలో అంటే బ్యారెల్‌లో ఉంటుంది. హ్యామర్ పూర్తిగా లేచేసరికి చాంబర్ సరిగ్గా బ్యారెల్ ఎదుటకు వచ్చి అక్కడ తాళం పడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా తూటా అంచు చెక్కుకుపోతుంది. గురి చెడుతుంది, సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి. ఆరు చాంబర్లుంటే ఆరూ, పది ఉంటే పదీ సరిగ్గా కుదరాలి. రివాల్వర్ ధరలో పెద్ద భాగం ఈ పనికే పోతుంది.

రెండోది ట్రిగ్గర్. మెత్తగా ఉండటం కన్నా ఒకేలా ఉండటం ముఖ్యం. ప్రతిసారీ అదే బరువుతో, మధ్యలో తట్టుకోకుండా, ఒకేచోట వదలాలి.

మూడోది సైట్లు. కొన్నింటిలో వెనుక సైట్ ఫ్రేమ్ మీద గాడిలా ఉంటుంది, కదపలేం. మంచి టార్గెట్ రివాల్వర్‌లో దాన్ని స్క్రూతో పైకీ కిందికీ, పక్కలకూ జరపవచ్చు. తూటా రకం మారితే తగిలే చోటు మారుతుంది కాబట్టి .22లో జరపగలిగే సైట్ చాలా పనికొస్తుంది.

నాలుగోది బ్యారెల్ పొడవు, బరువు. గురి నేర్చుకోవడానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల బ్యారెల్ మంచిది. రెండు సైట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ చిన్న తప్పు కూడా కంటికి కనిపిస్తుంది. జేబులో పట్టే రెండంగుళాల రకం తేలికే, కానీ గురి కుదరడం కష్టం. కాస్త బరువున్న ఉక్కు తుపాకీ చేతిలో నిలకడగా ఉంటుంది. చిన్న చేతులకు మరీ బరువైతే చెయ్యి త్వరగా అలసిపోతుంది. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వాడేట్టయితే ఇద్దరూ చేతిలో పట్టి చూశాకే నిర్ణయించాలి.

ఏ ధరకు ఏది?

అన్నిటికన్నా చౌకగా దొరికేది హెరిటేజ్ రఫ్ రైడర్. సింగిల్ యాక్షన్, ఆరు తూటాలు. సరదాకు పనికొస్తుంది. ఫ్రేమ్ ఉక్కు కాదు, జింక్ మిశ్రమం. చాలా మోడళ్లలో సైట్లు కదలవు. పక్కన ఉండే చిన్న సేఫ్టీ మీటను మాత్రం ఎప్పుడూ నమ్ముకోకూడదు.

దానికి ఒక మెట్టు పైన రూగర్ రాంగ్లర్ ఉంది. 2019లో సుమారు 250 డాలర్ల ధరతో వచ్చింది. ఫ్రేమ్ అల్యూమినియం మిశ్రమం, సైట్లు కదలవు, కానీ లోపలి పనితనం ధరకు మించి ఉంటుంది. ఇందులో ట్రాన్స్‌ఫర్ బార్ అనే ఏర్పాటు ఉంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి ఉంటే తప్ప హ్యామర్ దెబ్బ పిన్‌కు చేరదు. కింద పడినా పేలకుండా కాపాడేది ఇదే. 2023లో వచ్చిన సూపర్ రాంగ్లర్‌లో ఫ్రేమ్ ఉక్కుది, సైట్లు జరపవచ్చు, ఎల్‌ఆర్‌కూ మాగ్నమ్‌కూ రెండు సిలిండర్లు ఇస్తారు. తక్కువ బడ్జెట్‌లో బుద్ధిగా కొనాలంటే ఇక్కడ ఆగవచ్చు.

తరాలపాటు నిలిచే సింగిల్ యాక్షన్ కావాలంటే రూగర్ సింగిల్ సిక్స్. 1953లో మొదలైంది. 1973 నుంచి వచ్చిన న్యూ మోడల్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ ఉంది. అంతకు ముందరివి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వాటిలో ఆ రక్షణ ఉండదు. హ్యామర్ కింద ఖాళీ చాంబర్ ఉంచి ఐదు తూటాలే వేయాలి.

డబుల్ యాక్షన్‌లో టార్గెట్ షూటింగ్‌కు చాలాకాలంగా కొలబద్దలా ఉన్నది స్మిత్ అండ్ వెసన్ 617. స్టెయిన్‌లెస్ ఉక్కు, పది తూటాలు, నాలుగు లేదా ఆరు అంగుళాల బ్యారెల్, జరపగల సైట్లు. ఆరు అంగుళాలది కిలోంబావు వరకు తూగుతుంది. ధర వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. దీని ముందుతరం మోడల్ 17, ఆరు తూటాలది, పాత సరుకులో ఇప్పటికీ గిరాకీ ఉంది. రూగర్ ఎస్‌పీ101 ఎనిమిది తూటాలతో, జీపీ100 పది తూటాలతో .22లో వస్తాయి. ఇవి మొండి తుపాకులు, ఎక్కువ వాడకాన్ని తట్టుకుంటాయి. కోల్ట్ కంపెనీ కింగ్ కోబ్రా టార్గెట్‌ను కూడా .22లో పది తూటాలతో తెచ్చింది.

ఎల్‌ఆర్, మాగ్నమ్ రెండు సిలిండర్లున్న తుపాకీ కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మాగ్నమ్ సిలిండర్‌లో ఎల్‌ఆర్ తూటా దూరుతుంది. వదులుగా కూర్చుంటుంది. కాలిస్తే తొడుగు చీలి వేడి గాలి వెనక్కి రావచ్చు. సిలిండర్‌కు తగ్గ తూటాయే వేయాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇలా చూడండి

పాత రివాల్వర్ కొనడం తప్పు కాదు. మంచిది దొరికితే కొత్తదానికన్నా మేలు. ముందుగా సిలిండర్ తెరిచి ఖాళీ అని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకోవాలి. అమ్మేవాడి అనుమతి తీసుకుని ఈ తనిఖీలు చేయాలి.

హ్యామర్ నెమ్మదిగా వెనక్కి లాగండి. అది పూర్తిగా లేచేలోపే సిలిండర్ తాళం పడిన చిన్న టక్ శబ్దం వినిపించాలి. ప్రతి చాంబర్‌కూ ఇదే చేయండి. ఒక్క చాంబర్ ఆలస్యంగా తాళం పడినా ఆ తుపాకీ పక్కన పెట్టేయండి.

తాళం పడిన సిలిండర్‌ను వేళ్లతో పక్కలకు, ముందుకూ వెనక్కీ కదపండి. కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. గడగడలాడితే అరిగిపోయినట్టు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నటి సందు ఉండటం సహజం. వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి గీతలా కనిపించాలి. ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క ఇరుకుగా ఉండకూడదు.

హ్యామర్ పూర్తిగా లేపి, ట్రిగ్గర్‌ను తాకకుండా, వెనుక నుంచి బొటనవేలితో కొంచెం నెట్టండి. హ్యామర్ పడిపోతే ఆ తుపాకీ ప్రమాదకరం. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

చాంబర్ల వెనుక అంచులు చూడండి. రిమ్‌ఫైర్‌ను తూటా లేకుండా పదేపదే పేల్చితే ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును కొట్టి నొక్కులు వేయవచ్చు. ఆ నొక్కుల వల్ల తూటా సరిగా కూర్చోదు. కొన్ని కంపెనీలు తమ తుపాకీని ఖాళీగా నొక్కవచ్చని చెబుతాయి. మాన్యువల్ చూడకుండా నొక్కవద్దు. స్క్రూల తలలు చిదికిపోయి ఉంటే చేతకానివాళ్లెవరో లోపల కెలికారని అర్థం.

రేంజ్‌లో కాల్చి చూసే అవకాశం ఉంటే వదులుకోవద్దు. సిలిండర్ మీద చాంబర్లకు చాక్‌పీస్‌తో అంకెలు వేసి, ఏ చాంబర్ తూటా ఎక్కడ తగిలిందో రాసుకోండి. ఒకే చాంబర్ ప్రతిసారీ పక్కకు వేస్తుంటే లోపం కాల్చేవారిది కాదు, తుపాకీది.

తూటాలు, శుభ్రం

.22 తూటా ధర చాలాసార్లు సెంటర్‌ఫైర్ తూటాలో సగం కన్నా తక్కువ. ఖాళీ తొడుగులను మళ్లీ నింపి వాడటం మాత్రం ఇందులో కుదరదు. ఒకే రివాల్వర్ ఒక బ్రాండ్‌తో బాగా కాలుస్తుంది, ఇంకోదానితో కాల్చదు. అందుకే మొదట మూడు నాలుగు రకాల చిన్న పెట్టెలు కొని కాల్చి చూసి, కుదిరిన రకాన్నే ఎక్కువగా తెచ్చుకోవాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే సిలిండర్ తెరవకూడదు. తుపాకీని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. శబ్దం మామూలు కన్నా పీలగా వినిపిస్తే కాల్చడం ఆపేయాలి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చెడుతుంది, చెయ్యికీ ప్రమాదమే.

ఖాళీ తొడుగులు రావడం కష్టమైతే బలంగా కొట్టకండి. చాంబర్లలో బ్రష్ తిప్పితే సరిపోతుంది. రేంజ్ నుంచి వచ్చాక ప్రతిసారీ చాంబర్లు, సిలిండర్ ముందుభాగం, ఎజెక్టర్ నక్షత్రం కింద శుభ్రం చేయాలి. ఆ నక్షత్రం కింద ఒక్క మసిరేణువు ఉన్నా సిలిండర్ తిరగడం బిగుసుకుంటుంది.

చెవి, కన్ను, సీసం

.22 శబ్దం చిన్నదనుకుంటారు. పెద్ద తుపాకీతో పోలిస్తేనే చిన్నది. రివాల్వర్ నుంచి వచ్చేది 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవి దెబ్బతినడానికి అది చాలు. కప్పు ఉన్న రేంజ్‌లో చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్ రెండూ పెట్టుకోవాలి. కళ్లద్దాలు లేకుండా కాల్చకూడదు. సిలిండర్ పక్క సందులోంచి వేడి గాలి, సీసం తునకలు వస్తాయి కాబట్టి వేళ్లు ఎప్పుడూ ఆ సందు వెనుకే ఉండాలి. పిస్టల్ పట్టినట్టు బొటనవేలు ముందుకు చాపి పట్టే అలవాటు రివాల్వర్‌కు పనికిరాదు.

చాలామంది పట్టించుకోనిది సీసం. మామూలు .22 తూటా సీసంది. అంచులోని మందులోనూ సీసం ఉంటుంది. ఆ పొడి చేతులకు, బట్టలకు, బూట్లకు అంటి ఇంటికి వస్తుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుంది. రేంజ్‌లో తినకూడదు, తాగకూడదు. బయటికి రాగానే చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. ఇంటికి వచ్చాక బట్టలు మార్చుకున్న తర్వాతే పిల్లలను ఎత్తుకోవాలి. రేంజ్ బట్టలు విడిగా ఉతకాలి. తుపాకీ శుభ్రం చేసే పని వంటింటి బల్ల మీద పెట్టకూడదు. గర్భంతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు రేంజ్‌కు దూరంగా ఉండటమే మంచిది.

ఇంట్లో ఎక్కడ?

అమెరికాలో 2020 నుంచి పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే. రోడ్డు ప్రమాదాల కన్నా ఎక్కువ. .22 తూటా చిన్నదే, కానీ బహిరంగ ప్రదేశంలో మైలు దాటి పోగలదు, దగ్గరలో ప్రాణం తీస్తుంది. సింగిల్ యాక్షన్ రివాల్వర్ చూడటానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది. పిల్లలకు ముందు ఆకర్షించేది అదే.

కాబట్టి తాళం పెట్టె ఖర్చు రివాల్వర్ ఖర్చులో భాగమే. పెట్టె ముందు ఇంటికి రావాలి, తుపాకీ తర్వాత రావాలి. తుపాకీ ఖాళీగా, తాళంలో. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంలో. బీరువా పైన, పరుపు కింద, చీరల మధ్య దాచడం దాచడం కాదు. పిల్లలకు ఇంట్లో ప్రతి మూల తెలుసు. తాళంచెవి ఎక్కడుందో, నంబర్ ఏమిటో పెద్దవాళ్లకే తెలియాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉన్నా, కోపం అదుపులో లేకున్నా ఆ రోజులు గడిచేదాకా తుపాకీ ఇంట్లో ఉండకపోవడమే మేలు.

పిల్లలకు నేర్పాలనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. 18 ఏళ్ల లోపువారు హ్యాండ్‌గన్ పట్టుకోవడంపై ఫెడరల్ ఆంక్ష ఉంది. టార్గెట్ ప్రాక్టీస్‌కు మినహాయింపు ఉన్నా అమ్మానాన్నల్లో ఒకరి రాతపూర్వక అనుమతి వెంట ఉండాలి. రాష్ట్రానికీ, రేంజ్‌కీ ఇంకా సొంత నియమాలుంటాయి.

ఇండియాలో సంగతి

ఇక్కడ కొన్న రివాల్వర్ సంగతి అటుంచి, ఒక్క తూటా కూడా ఇండియా ప్రయాణంలో సామానులో ఉండకూడదు. .22 తూటా వేలి గోరు వెడల్పు కూడా ఉండదు. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగు అర కుట్టులో ఒకటి ఉండిపోతే ఎయిర్‌పోర్టు స్కానర్ దాన్ని పట్టుకుంటుంది, ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది. రేంజ్ బ్యాగును ప్రయాణాలకు అసలు వాడకపోవడమే మంచి అలవాటు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో .22 రివాల్వర్‌కు 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి. సరదా కోసం షాపుకెళ్లి కొనుక్కునే వస్తువు కాదది. ఇక్కడ గురి షౌక్ ఉన్న పిల్లలకు దారి క్లబ్, కోచ్, ఎయిర్ పిస్టల్. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాద్‌కే చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం తెచ్చింది. ఆ 25 మీటర్ల పోటీలో వాడేది ఇదే .22 రిమ్‌ఫైర్ తూటా. చిన్న తూటా అని ఎవరూ చిన్నచూపు చూడని చోటు అది.

చివరగా, వరుస ఇది

ముందు మీ వీసా, రాష్ట్ర చట్టం చూసుకోండి. తర్వాత ఒక భద్రతా తరగతికి వెళ్లండి. రేంజ్‌లో రెండు మూడు రకాలు అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. అప్పుడు తాళం పెట్టె కొనండి. ఆ తర్వాతే రివాల్వర్. కొనేటప్పుడు డబ్బు మెరుపుకు కాకుండా సిలిండర్ కుదిరికకూ, ట్రిగ్గర్‌కూ, జరపగల సైట్లకూ పెట్టండి. అలా కొన్న .22 రివాల్వర్ కొడుకు చేతికీ, అతని కొడుకు చేతికీ అందేంత కాలం నిలుస్తుంది. ఆ చేతికి అందేదాకా దాన్ని తాళంలో ఉంచే జిమ్మేదారీ మాత్రం కొన్నవారిదే.